తిరిగిరాని విమానయోధుడికి కుటుంబం తరఫున స్మారకం: పేరు వెతకడం నుంచి ఫలకం పెట్టేదాకా

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ వాయుసేనలో ఎగిరి ప్రాణాలు పోగొట్టుకున్న మనిషికి ఫలకమో చిన్న పుస్తకమో చేయించే ముందు నాలుగు వివరాలు తేల్చుకోండి: పేరు, సర్వీసు నంబరు, స్క్వాడ్రన్ (పనిచేసిన విమాన దళం), చనిపోయిన తేదీ. ఒక్కోటీ కనీసం రెండు వేర్వేరు రికార్డుల్లో కలవాలి. రాతి మీద చెక్కాక అక్షరం దిద్దడం చాలా కష్టం.

మొదట కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ వెబ్‌సైట్‌లో ఇంటిపేరుతో వెతకండి. సమాధి ఉంటే శ్మశానం పేరు, వరస తెలుస్తాయి. సమాధి జాడ లేనివాళ్లలో బ్రిటన్, వాయవ్య ఐరోపా స్థావరాల నుంచి ఎగిరినవాళ్ల పేర్లు ఇంగ్లండ్‌లోని రన్నీమీడ్ స్మారకం మీద ఉంటాయి. 1953లో ఆవిష్కరించిన ఆ స్మారకంలో 20,000కు పైగా పేర్లున్నాయి. బాంబర్ కమాండ్ (బాంబు దాడులు చేసే వాయుసేన విభాగం) మనిషైతే లింకన్‌లోని ఇంటర్నేషనల్ బాంబర్ కమాండ్ సెంటర్ వారి జాబితా కూడా చూడాలి.

తేదీ దగ్గర చాలామంది తడబడతారు. రాత్రి దాడికి వెళ్లిన విమానం ఒక తేదీన లేచి మరో తేదీన కూలుతుంది. జర్మనీలోని న్యూరెంబర్గ్ నగరం మీద దాడి 1944 మార్చి 30 రాత్రి మొదలై 31 తెల్లవారుజాము దాకా సాగింది. ఆ రాత్రి పోయినవాళ్లకు ఒక రికార్డులో 30, మరోదాంట్లో 31 కనిపిస్తే కంగారుపడకండి. ఏ గంటకు కూలిందో గట్టి ఆధారం లేకపోతే ఫలకం మీద ‘30/31’ అని వేయించండి. నంబరుతోనూ ఇలాంటి చిక్కే ఉంది. సార్జెంటు ఆఫీసరైతే కొత్త నంబరు ఇచ్చేవారు. అందుకే ఒకే మనిషి ఇద్దరిలా కనిపిస్తాడు.

ఇంట్లో లాగ్‌బుక్ (ఎగిరిన ప్రతి ప్రయాణాన్నీ రాసుకున్న పుస్తకం) ఉంటే అంతకు మించిన ఆస్తి లేదు. బాంబర్ సిబ్బంది సాధారణంగా రాత్రి దాడులను ఎర్ర సిరాతో, పగటి దాడులను ఆకుపచ్చ సిరాతో రాసుకునేవారు. పేజీ నిండా ఒకే చేతిరాత సాగుతుంది, చివరి వరస మాత్రం వేరే చేతిరాతలో ఉంటుంది: తిరిగి రాలేదు. ఆ పేజీకి లామినేషన్ చేయించకండి, టేపు అంటించకండి. విడి ఫొటోలను 600 డీపీఐలో స్కాన్ చేసి, ఆమ్లం లేని కాగితపు కవర్లలో పెట్టండి. ఫొటో వెనక పెన్ను వాడితే సిరా ముందువైపుకు ఊరుతుంది. మెత్తటి పెన్సిల్‌తో అంచున తేలిగ్గా రాయండి. పతకాలకు పాలిష్ పెట్టకండి, అంచున పేరు చెక్కి ఉంటే అదీ అరిగిపోతుంది.

ఆఖరి ప్రయాణం వివరాలు స్క్వాడ్రన్ దినచర్య పుస్తకాల్లో దొరుకుతాయి. అవి లండన్ శివారు క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ‘ఎయిర్ 27’ వరసలో ఉన్నాయి. ఆస్ట్రేలియా వాయుసేన మనిషైతే ఆ దేశపు నేషనల్ ఆర్కైవ్స్‌లో ‘ఏ705’ ఫైళ్లు (చనిపోయిన, గల్లంతైనవాళ్ల ఫైళ్లు) తెరవండి. కుటుంబానికి వచ్చిన ఉత్తరాలు కూడా అందులో ఉండొచ్చు.

ఇక ఫలకం. మీ మనిషి ఒక్కడి పేరే వేయించాలనిపించడం సహజమే, కానీ లాంకాస్టర్ బాంబర్ విమానంలో మామూలుగా ఏడుగురు ఎగిరేవారు. కలిసి పోయినవాళ్లను విడదీయకండి. అందరి పేర్లూ ఒకే సైజు అక్షరాల్లో ఉండాలి, హోదాను బట్టి పెద్దాచిన్నా వద్దు. బతికి బయటపడినవాళ్లుంటే వాళ్ల పేర్లూ చేర్చి, బతికారని రాయండి. వాక్యం పొడుగైపోతుంటే యుద్ధ సమాధుల రాళ్లను గుర్తుచేసుకోండి: అక్కడ కుటుంబం మాటకు ఇచ్చిన చోటు 66 అక్షరాలు, ఖాళీలతో కలిపి. చెక్కేవారికి ఇచ్చే ముందు అసలు సైజులో కాగితం మీద ముద్రించి, గోడకు అంటించి, రెండు మీటర్ల దూరం నుంచి ఇంకొకరి చేత బయటికి చదివించండి. రాసినవాళ్ల కంటికి తప్పు ఆనదు.

ఇంగ్లండ్‌లో ఆంగ్లికన్ చర్చి గోడకు ఫలకం పెట్టాలంటే డయోసిస్ (బిషప్ కింది చర్చి మండలం) నుంచి ‘ఫ్యాకల్టీ’ అనే అనుమతి కావాలి. అది రాకముందే ఫలకం చేయించవద్దు. పొలంలో పెట్టాలంటే యజమాని ఒప్పుకోలు రాతపూర్వకంగా తీసుకోండి. విమానం కూలిన చోట తవ్వడం వేరే సంగతి. బ్రిటన్‌లో 1986 నాటి చట్టం ప్రకారం రక్షణ శాఖ లైసెన్సు లేకుండా తవ్వితే నేరం. నేల మీద ఎముకలాంటిదో బాంబులాంటిదో కనిపిస్తే ముట్టుకోకుండా పోలీసులకు చెప్పండి.

రన్నీమీడ్ వెళ్లేముందు ప్యానెల్ నంబరు (పేరు చెక్కిన పలక నంబరు) రాసుకోండి. పేర్లు సన్నటి కిటికీల పక్క రాళ్ల మీద ఉంటాయి, ఊరికే వెతికితే పూట గడిచిపోతుంది. కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దకండి, రాయి పాడవుతుంది. చెక్కిన పేరు ఎదురు వెలుగులో మాసినట్టుంటుంది, టార్చిని పక్కనుంచి ఏటవాలుగా వేస్తే అక్షరం లోతు తేలి ఫొటోలో చక్కగా పడుతుంది. పూలు రాతికి అతికించకుండా కింద పెట్టండి. వాటిలో ఇనుప తీగ లేకుండా చూసుకోండి, వాన పడితే తుప్పు మరక రాతిలోకి దిగిపోతుంది.