డీర్ సీజన్‌కి ముందు ఆర్8 రైఫిల్ ఉన్నవాళ్ళు చూసుకోవాల్సినవి

టెక్సస్‌లో నవంబర్ మొదటి శనివారం జింకల వేటకి జనరల్ సీజన్ మొదలు. బ్లేజర్ ఆర్8 లాంటి బారెల్ మార్చే రైఫిల్ ఉంటే ఇవి చూస్కోండి.

- బారెల్ మీద రాసిన క్యాలిబర్ (ఏ రకం తూటా వాడాలో చెప్పే పేరు), తూటా అడుగున ఉన్న ముద్ర ఒకటేనా? అన్నిటికన్నా ముందు ఇదే. .308, .30-06 అనే రెండు రకాల తూటాలకీ బుల్లెట్ (ముందు దూసుకెళ్ళే ముక్క) మందం ఒకటే, బోల్ట్ హెడ్ (తూటాని వెనక నుంచి పట్టుకునే భాగం) కూడా ఒకటే, అందుకే పొట్టిదైన .308 తూటా .30-06 చాంబర్‌లోకి (బారెల్‌లో తూటా కూర్చునే చోటు) దూరిపోతుంది, పేలిస్తే తూటా ఇత్తడి తొడుగు చీలి వేడి గ్యాస్ మొహం మీదకి కొట్టొచ్చు. ఒక రోజుకి ఒకటే బారెల్, జేబులో ఆ ఒక్క రకం తూటాలే, రెండోవి ఇంట్లోనే పెట్టేయండి ప్లీజ్.

- .300 విన్ మాగ్ (ఇంకా పెద్ద తూటా) బారెల్ వేస్తే బోల్ట్ హెడ్, మ్యాగజైన్ ఇన్‌సర్ట్ (తూటాలు పెట్టే డబ్బా లోపలి ముక్క) కూడా మార్చాలి.

- బారెల్ బిగించాక రేంజ్‌కెళ్ళి 100 గజాల్లో కాల్చి చూడండి. బారెల్ తీసి పెట్టినా జీరో (సరిచేసి పెట్టుకున్న గురి) నిలబడుతుందనేది నిజమే గానీ నట్టు సరిగ్గా బిగిసిందో లేదో కాగితం మీద చిల్లే చెప్తుంది, గాయపడి పారిపోయే జింక ఉసురు మనకెందుకు.

- ట్రిగ్గర్ యూనిట్ ఊడదీసినా చాంబర్‌లో తూటా ఉండిపోవచ్చు, బోల్ట్ తెరిచి చూడండి.

- హెచ్1బీ వీసా మీద ఉన్నవాళ్ళకి హంటింగ్ లైసెన్స్ చెల్లుబాటులో ఉండాలి, అది లేకపోతే తుపాకీ దగ్గర పెట్టుకోవడమే ఫెడరల్ నేరం.

- ఫ్లైట్‌లో తీసుకెళ్తే రైఫిల్‌లో తూటాలన్నీ తీసేసి, గట్టి పెట్టెలో తాళం వేసి, చెక్-ఇన్‌లో చెప్పి ఇవ్వాలి.