పాత విడాకుల కాయితాలు వెతికేదెట్లా? నల్లగొండ, పాలమూరు కుటుంబాల కోసం

వంశవృక్షం రాసుకుంటూ పోతే ఏదో ఒక తరంలో "తాతకు అంతకుముందే ఒక పెండ్లయింది, ఇడుపు కాయితం అయింది" అన్న మాట వస్తుంది. ఆ మొదటి భార్య పేరు మాత్రం ఎవరూ చెప్పలేరు. ఆమె పేరు, పుట్టిన ఊరు మళ్లీ చెట్టుమీదికి ఎక్కాలంటే కాయితం దొరకాలి.

నేరుగా కోర్టుకు పోవద్దు. ముందుగా ఇంటి పెద్దలను మూడు సంగతులు అడగండి: ఏ సంవత్సరం ప్రాంతం, ఏ ఊరు, తెంపింది ఎవరు? కోర్టా, కులపెద్దలా, ఖాజీయా?

కులపెద్దలు తెంపితే

హిందూ వివాహ చట్టం 1955 మే 18న అమల్లోకి వచ్చింది. ఆచారం ప్రకారం తీసుకునే విడాకులను ఆ చట్టంలోని 29(2) సెక్షన్ అట్లాగే ఉంచింది. కాబట్టి 1980లో తెగిన పెండ్లికి కూడా కోర్టు ఫైలు లేకపోవచ్చు.

ఇడుపు కాయితం కోసం మీ ఇంటి సందుగ కన్నా ముందు ఆమె పుట్టింటివాళ్లను అడగండి. మారుమనువు చేసుకోవాలంటే ఆ కాయితం అవసరపడేది ఆమెకే, అందుకే దాన్ని దాచుకునేది ఎక్కువగా ఆ ఇల్లే. దొరికితే వేలిముద్రల పక్కనున్న సాక్షుల పేర్లు, ఊర్లు కూడా రాసుకోండి. వాళ్లలో చాలామంది మేనమామలో, బావలో అయి ఉంటారు.

కాయితాన్ని రిజిస్టరు చేయించి ఉంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో 4వ పుస్తకంలో ఉంటుంది. దాని నకలు రాసిచ్చినవాళ్లకు, దాని కింద హక్కున్నవాళ్లకు, వాళ్ల ప్రతినిధులకు మాత్రమే ఇస్తారు. ఇక్కడే చాలామంది ఆగిపోతారు. కానీ మనోవర్తి కింద ఆమెకు భూమి రాసిచ్చి ఉంటే ఆ దస్తావేజు 1వ పుస్తకంలోకి పోతుంది. ఆ పుస్తకం, దాని పేర్ల సూచిక రుసుము కట్టి ఎవరైనా చూడొచ్చు. భర్త పేరుమీద వెతకండి.

కోర్టులో తెగితే

ఇప్పటి జిల్లా చూసి పోతే తిప్పలే. సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల జిల్లాలు 2016లో, నారాయణపేట 2019లో ఏర్పడ్డాయి. కొత్త జిల్లా కోర్టులు వచ్చింది 2022 జూన్‌లో. అంతకుముందటి కేసుకు నల్లగొండ లేదా మహబూబ్‌నగర్ జిల్లా కోర్టులో, ఆ ప్రాంతపు సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో అడగాలి. గద్వాల, అలంపూర్ 1956 దాకా రాయచూరు జిల్లాలో ఉండేవి. ఇక మండలాలు 1985లో వచ్చాయి. పాత కాయితంలో తాలూకా పేరే ఉంటుంది.

కావలసింది ఓ.పీ. (ఒరిజినల్ పిటిషన్, అంటే కోర్టులో వేసిన అర్జీ) నంబరు, సంవత్సరం. అవి తెలియకపోతే అయిదేండ్ల పరిధి పెట్టుకొని, వకీలు గుమాస్తా సాయంతో ఓ.పీ. రిజిస్టరు చూపించమని అడగండి. భార్య పేరు పుట్టింటి ఇంటిపేరుతోనూ, అత్తింటి ఇంటిపేరుతోనూ వెతకాలి. ఈ-కోర్టుల వెబ్‌సైటులో పాత కేసులు చాలావరకు ఉండవు.

కాపీ అప్లికేషన్‌లో ఫైలంతా అడగకుండా తీర్పు, డిక్రీ అడగండి. మిగతా కాయితాలను గడువు తీరాక నాశనం చేసి ఉండొచ్చు. కేసులో మీరు పార్టీ కాదు కాబట్టి ఎందుకు కావాలో అఫిడవిట్ ఇవ్వాలి. బంధుత్వం చూపే పత్రాలు, మరణ ధ్రువీకరణ పత్రం జతచేయండి. భార్యాభర్తల్లో ఎవరైనా బతికుంటే వాళ్లతోనే అర్జీ పెట్టించండి, వాళ్లు వద్దంటే అక్కడితో ఆపండి. ఈ కేసుల విచారణ గుట్టుగా జరగాలని, వివరాలు అచ్చు వేయొద్దని చట్టమే చెబుతుంది.

క్రైస్తవుల కేసైతే ఇంకో దారి ఉంది. 2001 సవరణ దాకా జిల్లా కోర్టు ఇచ్చిన విడాకుల డిక్రీని హైకోర్టు ఖాయం చేయాల్సి ఉండేది. జిల్లాలో దొరకకపోతే హైదరాబాదులో అడగండి.

ముస్లిం కుటుంబాలు, నిజాం కాలం

తలాక్‌నామా (భర్త ఇచ్చిన విడాకుల కాయితం), ఖులానామా (భార్య కోరి తీసుకున్న విడాకుల కాయితం) కోసం నికా చేయించిన ఖాజీ దఫ్తరుకు పోవాలి. ఖాజీగిరీ వారసత్వంగా నడిచిన చోట పాత రిజిస్టర్లు ఆ ఇంట్లోనే దొరకొచ్చు. పెండ్లి సియాహనామా (ఖాజీ రాసిన నికా పత్రం) తేదీ ముందుగా తెలుసుకుంటే వెతుకులాట సులువవుతుంది.

నిజాం కాలపు కాయితాలు ఉర్దూలో, ఫస్లీ (నిజాం సర్కారు వాడిన సంవత్సర లెక్క) తేదీలతో ఉంటాయి. ఫస్లీకి 590 కలిపితే ఆ ఏడు మొదలైన ఇంగ్లిషు సంవత్సరం వస్తుంది. ఏడు అక్టోబరులో అజూర్ నెలతో మొదలవుతుంది. అందుకే 1352 అజూర్ అంటే 1942 అక్టోబరు; అదే 1352 మెహర్ అంటే 1943 ఆగస్టు. అన్నిటికీ 590 కలిపేస్తే జనవరి నుంచి వచ్చే తేదీలన్నీ ఒక ఏడు వెనక్కి పోతాయి, పిల్లల పుట్టిన సంవత్సరాలతో పొసగవు. చేతిరాత చదవడానికి పాత ఉర్దూ మీడియంలో చదివినవాళ్లను కూర్చోబెట్టుకోండి. జిల్లాలో దొరకనివాటికి తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో అడగండి. ఊరు, తాలూకా, ఫస్లీ సంవత్సరం రాసుకొని పోవాలి.