ఇంట్లో చేరిన తేనెటీగల మీద పురుగుమందు కొడితే: సమస్య - పరిష్కారం

ఇళ్లలో వాడే స్ప్రే డబ్బాల్లో ఎక్కువగా ఉండేవి సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్, ఇమిప్రోత్రిన్ లాంటి పైరెత్రాయిడ్లు. ఇవి నరాల మీద పనిచేస్తాయి, నేరుగా తగిలిన తేనెటీగ చస్తుంది. అసలు చిక్కు ఆ తర్వాత గోడ లోపల మిగిలే పట్టుతో మొదలవుతుంది. ఇంకా మందు కొట్టనివాళ్లు మొదటి రెండు సమస్యలు చదవండి. కొట్టేసినవాళ్లు తమకు కనిపిస్తున్న లక్షణం దగ్గరికి నేరుగా వెళ్లండి.

సమస్య: చూరుకో, బాల్కనీ కమ్మీకో ఈగలు గుత్తిలా వేలాడుతున్నాయి

కారణం: పాత పట్టు నుంచి రాణితో సహా విడిపోయి వచ్చిన గుంపు ఇది. కొత్త చోటు వెతకడానికి వెళ్లిన ఈగలు తిరిగొచ్చేదాకా ఇక్కడ ఆగుతుంది. కాపాడుకోవడానికి పిల్లలూ తేనె నిల్వలూ లేవు కాబట్టి, కదిలించకపోతే సాధారణంగా శాంతంగానే ఉంటుంది.

పరిష్కారం: ఆ వైపు కిటికీలు మూసి, చిన్నపిల్లల్నీ పెంపుడు జంతువుల్నీ దూరంగా ఉంచి వదిలేయండి. చాలాసార్లు కొన్ని గంటల్లో, లేదంటే రెండు మూడు రోజుల్లో లేచిపోతుంది. ఈగల మధ్య తెల్లటి మైనం కనిపిస్తే అక్కడే కాపురం పెట్టినట్టు. అప్పుడు తేనెటీగల పెంపకందారుణ్ణి పిలవాలి. ఆరుబయట ఒకే పెద్ద రెక్కలా వేలాడే పట్టు మాత్రం పెద్ద తేనెటీగలది. అవి కలిసికట్టుగా చాలా దూరం తరుముతాయి. వాటి మీద డబ్బా ఎత్తడం ప్రాణాలతో చెలగాటమే.

సమస్య: గోడ కంతలోంచో, షట్టరు పెట్టెలోంచో రోజంతా వస్తూ పోతూ ఉన్నాయి

కారణం: లోపల ఖాళీ జాగా దొరికింది. తేనెటీగల శాస్త్రవేత్త థామస్ సీలీ పరిశోధనల్లో తేనెటీగలు సుమారు 40 లీటర్ల గూటిని ఎక్కువగా ఇష్టపడతాయని తేలింది. ఫాల్స్ సీలింగు పైనా, రెండు గోడల మధ్యా అంత జాగా సులువుగా ఉంటుంది. లోపలికి వెళ్లే ఈగల వెనక కాళ్లకు పసుపు రంగు పుప్పొడి ముద్దలు కనిపిస్తే లోపల పిల్లలు పెరుగుతున్నాయనుకోవచ్చు.

పరిష్కారం: కంత మూయొద్దు. మందు, కిరోసిన్, పొగ, నీటి పైపు, ఏదీ వద్దు. చాలా స్ప్రేలలో మందును నెట్టే వాయువు మండే స్వభావం ఉన్నదే, అందుకని పొగబెట్టి స్ప్రే కొట్టడం మంట పెట్టడంతో సమానం. పెంపకందారుకు ఫోన్ చేసినప్పుడు కంత ఎంత ఎత్తులో ఉందో, గోడ దేనితో కట్టిందో, ఎన్నాళ్లుగా ఉన్నాయో చెప్పండి. ఇప్పటికే మందు కొట్టి ఉంటే దాని పేరు తప్పకుండా చెప్పాలి. దాచితే విషం ఎక్కిన పట్టును ఆయన తీసుకెళ్లి తన పెట్టెల పక్కన పెట్టే ప్రమాదం ఉంది.

గోడ తెరిచి పట్టును కోసి తీయడమే నికరమైన పద్ధతి. గోడ తెరవడం కుదరకపోతే కంతకు వలతో చేసిన గరాటు బిగిస్తారు. దానిలోంచి బయటికొచ్చిన ఈగకు తిరిగి లోపలికి దారి దొరకదు. ఇది వారాల తరబడి సాగుతుంది, పైగా పట్టు లోపలే ఉండిపోతుంది.

సమస్య: స్ప్రే కొట్టగానే ఈగలు మీదకు లేచాయి

కారణం: మందు తగిలిన ఈగ వెంటనే చావదు. వణుకుతూ, గిరగిరా తిరుగుతూ కొంతసేపు బతికే ఉంటుంది. కలవరపడ్డ ఈగలూ, కుట్టిన ఈగల ముళ్లూ పండిన అరటిపండు లాంటి వాసన వదులుతాయి. అది మిగతావాటికి హెచ్చరిక.

పరిష్కారం: డబ్బా అక్కడే పడేసి, ముఖం కప్పుకుని నేరుగా పరుగెత్తండి. తలుపులు మూసుకునే గదిలోకో, కారులోకో వెళ్లండి. చేతులు ఊపొద్దు, నీళ్లలో దూకొద్దు. ముల్లును ఎలా తీశామన్నది ముఖ్యం కాదు, ఎంత త్వరగా తీశామన్నదే ముఖ్యం. ఊడి ఒంట్లో ఉండిపోయిన ముల్లు కూడా విషం పంపుతూనే ఉంటుంది. నాలుకో పెదవులో వాచినా, ఒళ్లంతా దద్దుర్లు లేచినా, కళ్లు తిరిగినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే అంబులెన్సు పిలవండి. పదుల సంఖ్యలో కుట్టినప్పుడు బాగానే ఉన్నట్టు అనిపించినా ఆసుపత్రిలో చూపించుకోవాలి.

సమస్య: కొట్టిన రోజు తగ్గాయి, మళ్లీ ఎప్పటిలా తిరుగుతున్నాయి

కారణం: స్ప్రే కంత మొదట్లోనే ఆగిపోతుంది. పట్టు మీటరు లోపల ఉంటే రాణిని చేరనే చేరదు. మేతకు వెళ్లిన ఈగలు తర్వాత తిరిగొస్తాయి. పట్టులో మైనంతో మూత వేసిన చిన్న గదుల్లోంచి సుమారు 12 రోజుల పాటు కొత్త ఈగలు పుడుతూనే ఉంటాయి.

పరిష్కారం: రెండో డబ్బా కొనకండి. కొట్టిన ప్రతిసారీ మైనంలో విషం పేరుకుంటుంది, ఈగల్ని ప్రాణాలతో తరలించే అవకాశం తగ్గుతుంది.

సమస్య: కంత మూశాక ఈగలు గదిలోకి వస్తున్నాయి

కారణం: స్విచ్ బోర్డు సందుల్లోంచో, లైటు చుట్టూ ఉన్న ఖాళీలోంచో వెలుతురు కనిపించిన చోటికల్లా పాకుతాయి.

పరిష్కారం: మూసిన కంతను సాయంత్రం చీకటి పడ్డాక తెరవండి. గది వైపు సందులకు టేపు అంటించండి. గదిలో ఉన్న ఈగల కోసం పగటిపూట లైట్లు ఆర్పి, ఒక్క కిటికీ తెరిచి, మిగతావాటికి తెరలు వేస్తే వెలుతురు వైపే వెళ్లిపోతాయి. స్విచ్ బోర్డులోకి స్ప్రే కొట్టొద్దు. ఆ గదిలో దోమల లిక్విడ్, కాయిల్ కూడా ఆపండి. వాటిలోవీ చాలావరకు ఈ కోవ మందులే. చచ్చిన ఈగల్ని చీపురుతో ఎత్తండి, ఉత్తి కాళ్లతో తొక్కితే వాటి ముల్లూ గుచ్చుకుంటుంది.

సమస్య: ఈగలు చచ్చాయి, కొన్నాళ్లకు కుళ్లు వాసన, గోడ మీద మరక, చీమలు

అందరికంటే ఎక్కువ నష్టపోయేది ఇక్కడికి వచ్చినవాళ్లే, ఎందుకంటే పని అయిపోయిందని అనుకుని ఉంటారు.

కారణం: పిల్లలున్న భాగాన్ని ఈగలు 34, 35 డిగ్రీల దగ్గర ఉంచుతాయి. ఎండ ముదిరితే నీళ్లు తెచ్చి చల్లి, రెక్కలతో విసురుతాయి. ఆ విసిరేవాళ్లు పోయాక పిల్లలు చచ్చి కుళ్లుతాయి. గోడ వేడెక్కి 40 డిగ్రీలు దాటితే మైనం మెత్తబడుతుంది, తేనె బరువుకు పట్టు జారి విరుగుతుంది. పాత పట్టులో 20 కిలోల తేనె ఉండటం వింతేమీ కాదు. అది సున్నం మీద గోధుమరంగు తడి మచ్చగా మొదలవుతుంది, వేలు పెడితే జిగురుగా అంటుతుంది. ఆ తర్వాత చీమలు, బొద్దింకలు, మైనపు పురుగులు, ఎలుకలు.

ఇంటి బయట జరిగే నష్టం ఇంకా బాధాకరం. కాపలా లేని తేనె కోసం చుట్టుపక్కల పట్టుల ఈగలు దోపిడీకి వస్తాయి. విషం కలిసిన తేనెను తమ పిల్లల దగ్గరికి మోసుకెళ్తాయి. కంత కింద నాలుక బయటపెట్టి చచ్చిపడి ఉన్న ఈగలు కొత్తగా రోజూ కనిపిస్తుంటే, అవి మీ గోడలోవే కాకపోవచ్చు.

పరిష్కారం: ముందు కంతకు సన్నని వల బిగించి దోపిడీ ఆపండి. లోపల బతికిన ఈగలుంటే గోడ తెరిచే పని తెలిసినవాళ్లకే వదిలేయండి. రొద పూర్తిగా ఆగిందని తేలితే:

1. ఆ గోడలో వెళ్లే కరెంటు లైను ఆపండి. రబ్బరు గ్లౌజులు, మాస్కు, కళ్లద్దాలు పెట్టుకోండి.
2. బయట ఈగలు తిరగని సాయంత్రం వేళ తెరవండి. కింద ప్లాస్టిక్ పట్టా పరవండి.
3. పట్టు రెక్కల్ని పైనుంచి ఒక్కొక్కటీ కోసి, రెండు సంచుల్లో వేసి వెంటనే మూతి కట్టండి. ఆరుబయట వదిలితే మళ్లీ దోపిడీయే.
4. అంటుకున్న మైనం గీకి, సబ్బు నీళ్ల గుడ్డతో తుడవండి. ఆ నీళ్లు చెరువులోకో కాలువలోకో పోకూడదు, పైరెత్రాయిడ్లు చేపలకు చాలా ప్రమాదం.

సమస్య: మందు కొట్టిన పట్టులో తేనె శుభ్రంగానే కనిపిస్తోంది

తినొద్దు, ఎవరికీ పెట్టొద్దు, ఈగలకూ వేయొద్దు. పైరెత్రాయిడ్లు కొవ్వులో కరిగే రకం కాబట్టి మైనంలో ఇంకి చాలాకాలం నిలుస్తాయి. వడకట్టినా, కాచినా తేనె మంచిదైపోదు.

సమస్య: స్ప్రే కొట్టినవాళ్లకు మంట, దగ్గు

చర్మం మీద చీమలు పాకినట్టు జివజివలాడితే తడిసిన బట్టలు మార్చి, సబ్బుతో, చల్లటి నీళ్లతో కడగండి. సాధారణంగా ఒక రోజులో తగ్గుతుంది. కంట్లో పడితే కనీసం 15 నిమిషాలు నీళ్లు పోయాలి. మింగితే వాంతి చేయించొద్దు. చాలా మందుల్లో ఉండే పెట్రోలియం ద్రావకం ఊపిరితిత్తుల్లోకి పోతుంది. డబ్బాతో సహా ఆసుపత్రికి వెళ్లండి. ఈగలు కూడా కుట్టి ఉంటే, ఆయాసం వచ్చింది పురుగుమందు వల్లా, ఈగ విషం వల్లా అని తేల్చుకుంటూ కూర్చోవద్దు. రెండింటికీ ఆసుపత్రే. పైరెత్రాయిడ్లలో ఒకటైన పర్మెత్రిన్ పిల్లులకు ప్రాణాంతకం కావచ్చు. మందు కొట్టిన గదిలో చేపల తొట్టి ఉంటే మూత వేసి, గాలి పంపు ఆపి, వీలైనంత త్వరగా వేరే గదికి మార్చండి.

సమస్య: మరుసటి ఏడాది అదే కంతకు కొత్త గుంపు

కారణం: మైనం వాసన. చచ్చిన గుంపు వాసనా, మందూ వాటిని ఎన్నాళ్లూ ఆపలేవు.

పరిష్కారం: శుభ్రం చేసిన ఖాళీని ఇన్సులేషన్‌తో నింపండి. 3 మిల్లీమీటర్లు దాటిన ప్రతి సందునూ సిమెంటుతోనో సీలెంట్‌తోనో మూయండి. గాలి రావాల్సిన చోట సన్నని లోహపు వల బిగించండి. గుంపు వచ్చే ముందు కొన్ని ఈగలు రోజుల తరబడి కంతలు వెతుకుతూ లోపలికీ బయటికీ తిరుగుతాయి. అది గమనిస్తే అదే రాత్రి, లోపల రొద లేదని విని నిర్ధారించుకుని, కంత మూసేయండి.