పాన్ పేరు ఎక్కడా కలవడం లేదా? ముందు ఐదో అక్షరం చూడండి

ఒడిశాలోని పర్లాకిమిడిలో ఆన్‌లైన్ పనుల కౌంటర్ పెట్టి చాలా ఏళ్లయింది. గుణుపురం, కాశీనగర్ నుంచే కాదు, సరిహద్దు అవతల ఆంధ్రలోని పాతపట్నం నుంచి కూడా మనవాళ్లు వస్తుంటారు. కాగితాల కవరు బల్ల మీద పెట్టి దాదాపు అందరూ ఒకే మాట అంటారు: "బాబూ, ఈ పాన్ పని చేయట్లేదు, కొత్తది తీసేయండి."

కొత్తది తీయకూడదు. ఒక మనిషికి ఒకటే పాన్. ఊరు మారినా, రాష్ట్రం మారినా, పెళ్లయినా నంబరు అదే. రెండోది తీసుకుంటే 10,000 రూపాయల జరిమానా పడొచ్చు. పైగా రెండో పాన్‌తో మొదటి చిక్కు తీరదు. చిక్కు నంబరులో లేదు, ఆ నంబరు వెనక నమోదైన పేరులోనో పుట్టిన తేదీలోనో ఉంది.

సమస్య: ఆధార్‌తో లింక్ చేస్తుంటే వివరాలు కలవడం లేదంటోంది

పేరు జోలికి వెళ్లకముందే రెండు కార్డులూ పక్కపక్కన పెట్టి పుట్టిన తేదీ చూడండి. అర నిమిషం పని. ఎంతమందికి చెప్పినా ఇది మాత్రం చూడరు. మొదట్లో ఇచ్చిన ఆధార్‌లలో చాలామందికి సంవత్సరం మాత్రమే ఉంటుంది. తేదీ చెప్పలేని పెద్దవాళ్లకు జనవరి 1 అని పడిపోయింది. పాన్‌లో మాత్రం పదో తరగతి సర్టిఫికెట్ తేదీ ఉంటుంది. ఇంక కలిసేదెలా?

ఆధార్‌లో సంవత్సరం మాత్రమే ఉంటే లింక్ పేజీలో దానికోసమే ఒక టిక్ ఉంటుంది, పెట్టండి. తేదీయే తప్పయితే సర్టిఫికెట్‌తో పోల్చి, ఏ కార్డులో తప్పుందో దాన్నే సరిచేయించండి. ఆధార్‌లో పుట్టిన తేదీ ఒక్కసారే మారుస్తారని గుర్తుంచుకోండి.

తేదీ సరిగ్గా ఉంటే పేరు స్పెల్లింగ్ చూడండి. మన ప్రాంతంలో దీనికి ఒక ప్రత్యేక కారణం ఉంది. ఒడియాలో మన 'వ' చాలాసార్లు 'బ' గానో 'భ' గానో మారుతుంది. వెంకటరావు భేంకటరావు అవుతాడు, విశ్వనాథం బిశ్వనాథ్ అవుతాడు. ఆధార్ ఆపరేటర్ తను విన్నట్టు ఇంగ్లీషులో కొడితే మొదటి అక్షరమే మారిపోతుంది. అమ్మగారి ఊరు, ఆంధ్రలోని టెక్కలిలో ఉన్నప్పుడు తీసిన పాన్‌లో 'వి', ఇక్కడ తీసిన ఆధార్‌లో 'బి' ఉన్నవాళ్లు నాకు తరచూ కనిపిస్తారు. ఇలాంటప్పుడు ఆధార్‌నే సరిచేయించాలి.

లింక్ కాని పాన్‌లు 2023 జులై 1 నుంచి ఇనాపరేటివ్ (పని చేయనివి) అయ్యాయి. అంటే రద్దయినట్టు కాదు. ఆలస్యానికి 1,000 రూపాయలు కట్టి లింక్ చేస్తే మళ్లీ పని చేస్తాయి. అప్పటిదాకా ట్యాక్స్ రీఫండ్ రాదు. బ్యాంకు వడ్డీ మీద 10 శాతం కోయాల్సిన టీడీఎస్ (డబ్బు ఇచ్చేటప్పుడే కోసే పన్ను) 20 శాతం కోస్తారు. వివరాలు సరిచేసుకున్నాకే ఆ డబ్బు కట్టండి.

సమస్య: కార్డులో ఉన్నట్టే టైప్ చేశాను, అయినా పాన్ వివరాలు తప్పంటోంది

నన్ను బాగా దెబ్బతీసింది ఇదే.

గుణుపురంలో మా బావగారు హార్డ్‌వేర్ షాపు పెట్టి జీఎస్టీకి దరఖాస్తు చేసుకున్నారు. ఆయన పేరు గేదెల వెంకట రమణ అనుకోండి. పాన్ మీద, ఆధార్ మీద అక్షరం తేడా లేకుండా అదే ఉంది. ఫారంలో అదే కొట్టాను. కలవలేదు. స్పెల్లింగ్‌లో ఏదో ఉందనుకుని ఆధార్‌లో ఒక అక్షరం మార్పించాను. కలవలేదు. దాన్ని మళ్లీ పాత పద్ధతికి మార్పించాను. అప్పటికీ కలవలేదు. ఆధార్‌లో పేరు మార్పుకి జీవితంలో రెండే అవకాశాలు. ఆయనవి రెండూ నేనే ఖర్చు చేసేశాను. షాపు తెరిచి కూర్చున్న మనిషి రెండు నెలలు బిల్లు ఇవ్వలేకపోయాడు. ఆ బాధ నాకిప్పటికీ ఉంది.

పాన్ దరఖాస్తులో పేరుకి మూడు గడులుంటాయి: ఇంటిపేరు, మొదటి పేరు, మధ్య పేరు. కార్డు మీద అచ్చయ్యే పేరు వేరే గడి. కాబట్టి కార్డు మీద కనిపించే వరుస ఒకటి, లోపల నమోదైన వరుస ఇంకొకటి కావచ్చు. మనం ఇంటిపేరు ముందు చెబుతాం. ఒడియావాళ్లకు సాహు, పండా, పాత్రో అన్నీ చివర వస్తాయి. ఇక్కడి కౌంటర్‌లో అడగకుండా నింపితే చివరి మాటే ఇంటిపేరు గడిలోకి వెళ్తుంది, రమణ ఇంటిపేరైపోతుంది. తెలిసినవాళ్లు నింపితే గేదెల ఇంటిపేరుగా వెళ్తుంది, కానీ లోపలి వరుస వెంకట రమణ గేదెల అవుతుంది. కార్డు చూసి ఏది జరిగిందో చెప్పలేం.

నంబరు చూస్తే చెప్పొచ్చు. పాన్‌లో పది అక్షరాలు: ముందు ఐదు ఇంగ్లీషు అక్షరాలు, తర్వాత నాలుగు అంకెలు, చివర ఒక అక్షరం. నాలుగో అక్షరం మీరెవరో చెబుతుంది: వ్యక్తికి 'పి', భాగస్వామ్య సంస్థకు 'ఎఫ్', కంపెనీకి 'సి', హిందూ అవిభక్త కుటుంబానికి 'హెచ్'. ఐదోది వ్యక్తులకైతే ఇంటిపేరు మొదటి అక్షరం. బావగారి పాన్‌లో ఐదోది 'జి'. అంటే లోపల గేదెలే ఇంటిపేరు. ఇంటిపేరు చివరకు తెచ్చి వెంకట రమణ గేదెల అని కొట్టగానే ఫారం తీసుకుంది. ఏ కార్డూ మార్చాల్సిన అవసరమే లేదు.

మీకు 'జి' బదులు 'ఆర్' ఉంటే రమణను ఇంటిపేరుగా రాసుకున్నారన్నమాట. అప్పుడు కార్డులో ఉన్న వరుసలోనే కొట్టాలి. ఇంటిపేరు విడిగా అడిగిన చోట రమణ అనే రాయాలి. మనసుకు నచ్చకపోయినా, సరిచేయించేదాకా అదే కలుస్తుంది. ఆదాయపు పన్ను సైటులో లాగిన్ ఉన్నవాళ్లు రిటర్న్ ఫారం తెరిస్తే మొదటి పేజీలోనే మూడు గడులూ నిండి కనిపిస్తాయి, అక్కడ ఖాయం చేసుకోండి.

శాశ్వతంగా సరిచేయాలంటే పాన్ సవరణ దరఖాస్తు పెట్టండి, కొత్త పాన్ దరఖాస్తు కాదు. ఇంటిపేరు పూర్తిగా రాయండి. ఇంటిపేరు, మొదటి పేరు గడుల్లో పొడి అక్షరాలు ఒప్పుకోరు. ఆధార్‌లో "జి. వెంకట రమణ" అని ఉంటే ముందు అక్కడ పూర్తి పేరు చేయించి, తర్వాత పాన్‌కి రండి. ఆధార్‌లో పేరు నిండుగా ఉంటే దాన్ని ముట్టుకోవద్దు.

సవరణ అయ్యాక వచ్చే కార్డులో నంబరు మారదు, ఐదో అక్షరం కూడా పాతదే ఉంటుంది. "ఇంకా 'ఆర్' అనే ఉంది, పని అవ్వలేదు" అని టెన్షన్ పడుతూ మళ్లీ వచ్చేవాళ్లున్నారు. ఆ అక్షరం పాన్ ఇచ్చిన రోజు నాటి ఇంటిపేరుది. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకున్న ఆడవాళ్లకు కూడా పుట్టింటి అక్షరమే ఉండిపోతుంది, ఏ తప్పూ లేదు. సవరణ తర్వాత ఐదో అక్షరం చూసి లాభం లేదు, సైటులో మూడు గడులే చూడాలి.

రీఫండ్ కోసం బ్యాంకు ఖాతా వ్యాలిడేట్ కాకపోయినా ముందు పేరే చూడండి. పాస్‌బుక్‌లో "జి.వి. రమణ" అని ఉంటే బ్యాంకులో కేవైసీ (ఖాతాదారు వివరాలు) మార్పించాలి.

సమస్య: షాపు పేరుతో జీఎస్టీ ఫారం నింపితే తీసుకోవడం లేదు

తీసుకోదు. సొంత షాపుకి వేరే పాన్ ఉండదు, యజమాని పాన్ మీదే నడుస్తుంది. లీగల్ నేమ్ దగ్గర మీ పేరు, ట్రేడ్ నేమ్ దగ్గర షాపు పేరు రాయండి.

సరిహద్దులో ఉన్నాం కాబట్టి ఒక మాట. జీఎస్టీ నంబరు 15 అక్షరాలు. మొదటి రెండంకెలు రాష్ట్రం కోడ్: ఒడిశాకు 21, ఆంధ్రప్రదేశ్‌కు 37. తర్వాతి పది మీ పాన్. షాపు టెక్కలి నుంచి పర్లాకిమిడికి మార్చితే పాన్ అదే ఉంటుంది కానీ 37 నంబరు ఇక్కడ పనికిరాదు. 21తో కొత్త రిజిస్ట్రేషన్ కావాలి. పాతపట్నం కొట్టుకి సరుకు పంపితే నాలుగు కిలోమీటర్లైనా నలభై అయినా అది రాష్ట్రం దాటిన అమ్మకమే, ఐజీఎస్టీ వేయాలి. బిల్లు రాసేముందు ఎదుటివాళ్ల నంబరులో మొదటి రెండంకెలు చూడండి.

మిగిలినవి

జీతాల మీదో కాంట్రాక్టు చెల్లింపుల మీదో టీడీఎస్ కోసి కట్టేవాళ్లకు ట్యాన్ కావాలి, పాన్ చాలదు. నాలుగు అక్షరాలు, ఐదు అంకెలు, ఒక అక్షరం ఉంటే అది ట్యాన్. పాన్ గడిలో దాన్ని కొడితే ఏ సైటూ తీసుకోదు. స్థలం కొన్నప్పుడు కోసే టీడీఎస్‌కి మాత్రం ట్యాన్ అక్కర్లేదు, పాన్‌తో కట్టేయొచ్చు.

ఇప్పటికే రెండు పాన్‌లు ఉన్నవాళ్లు రిటర్నులు, బ్యాంకు ఖాతాలు దేని మీద ఉన్నాయో అది ఉంచుకుని రెండోది సరెండర్ చేయండి. నాలుగో అక్షరం తప్పుపడటం, ఆడా మగా తారుమారవడం లాంటివి ఎప్పుడో ఒకటి వస్తాయి. సవరణ దరఖాస్తుతో ఆడా మగా తప్పు సరిచేయించుకోవచ్చు. నాలుగో అక్షరం తప్పయితే మాత్రం సంబంధిత కాగితాలతో ఆదాయపు పన్ను అధికారిని కలవాల్సిందే.