లక్ష్యం కోసం శ్రమిస్తూనే డస్సిపోకుండా ఉండడం ఎలా?

2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బర్నౌట్‌ను, అంటే శ్రమతో పూర్తిగా డస్సిపోవడాన్ని, వ్యాధిగా కాక, అదుపులో పెట్టుకోలేకపోయిన దీర్ఘకాలిక ఉద్యోగ ఒత్తిడి ఫలితంగా నిర్వచించి, తీరని నీరసం, పని పట్ల విముఖత, సామర్థ్యం తగ్గడం అనే మూడు లక్షణాలను పేర్కొంది. ఆ నిర్వచనం ఉద్యోగానికే పరిమితమైనా, సొంత లక్ష్యాల కోసం శ్రమించేవారిలోనూ ఇవే ఛాయలు కనిపిస్తాయి.

ముందుగా రోజూ చేయాలనుకునే పని కొలతను తగ్గించుకోండి. ఉత్సాహం ఉరకలేసే రోజున ఎంత చేయగలరన్నది కాక, ఏ ఉత్సాహమూ లేని రోజున కూడా ఎంత చేయగలరన్నదే దానికి ప్రమాణం కావాలి. కొత్త భాష నేర్చుకునేవారికి అది 20 నిమిషాలే కావచ్చు. చాలామంది కనీస పరిమితి పెట్టుకుంటారు గాని, నా దృష్టిలో మనల్ని నిజంగా కాపాడేది గరిష్ఠ పరిమితి. ఓపిక ఇంకా మిగిలి ఉండగానే ఆపేయడం మొదట్లో వెలితిగా తోచినా, మరునాడు పుస్తకం తెరవడానికి మనసు మొరాయించకుండా చూసేది ఆ మిగిలిన ఓపికే.

వారానికొక విరామ దినాన్ని ముందే నిర్ణయించుకోండి, ఎందుకంటే పూర్తిగా అలసిపోయాక తీసుకునే సెలవులో విశ్రాంతి కంటే అపరాధ భావమే ఎక్కువగా ఉంటుంది. నిద్రను కోసుకుని సమయం సంపాదించవద్దు. నేర్చుకున్నది జ్ఞాపకంలో స్థిరపడడానికి నిద్ర అవసరం.

ఇంతచేసినా రెండు వారాలకు పైగా నిరాసక్తత వీడకపోతే, అది ప్రణాళికతో తీరే సమస్య కాకపోవచ్చు గనుక వైద్యులను సంప్రదించండి.