ట్విన్ స్క్రూ ఎక్స్‌ట్రూడర్‌లో గ్లాస్ నైలాన్ నడపడం

ఎక్స్‌ట్రూడర్ అంటే ప్లాస్టిక్ గింజలను వేడి గొట్టంలో (బ్యారెల్) తిరిగే స్క్రూతో కరిగించి, చివరనున్న రంధ్రాల్లోంచి (డై) బయటికి నెట్టే యంత్రం. ఒకే స్క్రూ ఉండే సింగిల్ స్క్రూ మీద చెయ్యి తిరిగినవాళ్లు కూడా రెండుండే ట్విన్ స్క్రూ దగ్గర ఒకచోట తడబడతారు. హాపర్ (సరుకు పోసే గరాటు) నింపితే చాలు, స్క్రూ తనకు కావలసినంత లాక్కుంటుందనుకుంటారు. ఇక్కడ గంటకు ఎన్ని కిలోలన్నది సరుకును కొలిచి వేసే ఫీడర్ చేతిలో ఉంటుంది. ఆర్‌పీఎం పెంచితే సరుకు ఎక్కువ నలుగుతుంది, వేడెక్కుతుంది, అంతే.

30 శాతం గ్లాస్ కలిపిన నైలాన్ 6 గంటకు 100 కిలోలు కావాలనుకుందాం. మెయిన్ ఫీడర్‌కు 70 కిలోల నైలాన్, పక్కనుంచి వేసే సైడ్ ఫీడర్‌కు 30 కిలోల చాప్డ్ గ్లాస్ (ముక్కలుగా కోసిన గాజు పీచు). గ్లాస్‌ను కూడా మొదట్లోనే వేస్తే కరగని గింజల మధ్య పీచు తునకలవుతుంది, బ్యారెల్ అరుగుతుంది. అందుకే నీడింగ్ బ్లాకులు (స్క్రూ మీద సరుకును నలిపే భాగాలు) దాటి నైలాన్ కరిగాకే సైడ్ ఫీడర్ వస్తుంది. దానికి కాస్త ముందున్న వెంట్ (గాలి పోయే దారి) తెరిచే ఉంచండి. గ్లాస్‌తో వచ్చే గాలికి దారి లేకపోతే అది వెనక్కి తన్ని పీచును లోపలికి పోనివ్వదు.

నైలాన్‌లో తేమ 0.2 శాతం దాటకూడదు. అది కరిగేది 220 డిగ్రీల దగ్గర కాబట్టి బ్యారెల్ జోన్లు (విడివిడిగా వేడిచేసే భాగాలు) 240–270 మధ్య పెట్టి, చేరాక కనీసం అరగంట ఆగండి. డిస్‌ప్లే చూపేది బ్యారెల్ వేడి. స్క్రూల మధ్య గడ్డకట్టిన పాత సరుకు ఇంకా కరగకపోవచ్చు. తొందరపడితే షాఫ్ట్ విరుగుతుంది.

100 ఆర్‌పీఎం, గంటకు 15 కిలోల నైలాన్‌తో మొదలుపెట్టండి. ఆ సమయంలో డై ఎదురుగా నిలబడకండి, చిక్కుకున్న గ్యాస్ కరిగిన సరుకును చిమ్ముతుంది. పెంచేటప్పుడు ముందు ఆర్‌పీఎం, తర్వాత ఫీడ్. తగ్గించేటప్పుడు ముందు ఫీడ్. గ్లాస్ అన్నిటికన్నా చివర. ఆపేటప్పుడు మొదట ఆపేది అదే.

టార్క్ (స్క్రూలను తిప్పే బలం) గరిష్ఠంలో 70–80 శాతం దగ్గర ఉంటే నిశ్చింత. 45 కిలోవాట్ల మోటార్, గరిష్ఠం 600 ఆర్‌పీఎం అనుకోండి. 400 ఆర్‌పీఎం, 75 శాతం టార్క్ దగ్గర అది ఇచ్చేది 22.5 కిలోవాట్లు, అంటే గంటకు 100 కిలోల మీద కిలోకు 0.225 యూనిట్లు. ఈ అంకె రోజూ రాసుకోండి. అదే ఫీడ్‌కు పెరుగుతూ పోతుంటే సరుకు అవసరానికి మించి నలుగుతోంది.

పంపుతో ఆవిరిని లాగేసే వాక్యూమ్ వెంట్‌లోంచి సరుకు పొంగితే చాలామంది పంపునే తిడతారు. ముందు డై ప్రెషర్ చూడండి. డై రంధ్రాలు మూసుకుంటే సరుకు వెనక్కి నిండుకుంటూ వెంట్ దాకా వస్తుంది. ప్రెషర్ మామూలుగానే ఉంటే ఫీడ్‌కు ఆర్‌పీఎం చాలట్లేదు. డై నుంచి వచ్చే ప్లాస్టిక్ తీగలో (స్ట్రాండ్) బుడగలు కనిపిస్తే మాత్రం తేమనూ పంపునూ అనుమానించాల్సిందే.