శాట్ స్కోరు పంపాలా, వద్దా: అమెరికా కాలేజీల విషయంలో తేల్చుకునే పద్ధతి

ప్రవేశ పరీక్ష ర్యాంకును బట్టి సీటు ఖరారయ్యే పద్ధతికి అలవాటుపడిన తల్లిదండ్రులు అమెరికాలోని పేరున్న కాలేజీల గురించి మొదట అడిగేది, అక్కడి కాలేజీల్లో చేరడానికి రాసే శాట్ పరీక్షలో ఎంత స్కోరు వస్తే సీటు వస్తుందని. అక్కడ ఆ ప్రశ్నకు జవాబు లేదు. 1600కు 1600 తెచ్చుకున్నవాళ్లను కూడా ఆ కాలేజీలు ఏటా కాదంటూనే ఉంటాయి. ఈ విద్యార్థి మా చదువును, ముఖ్యంగా లెక్కలను, తట్టుకోగలడా అన్న అనుమానాన్ని తీర్చడమే స్కోరు చేసే పని; అది తీరాక మరో ఇరవై పాయింట్లు పెరిగినా ఒరిగేది తక్కువ.

ముందుగా, దరఖాస్తు చేయదలచిన ప్రతి కాలేజీ పేరు పక్కన దాని విధానం రాసుకోవాలి. కోవిడ్ వల్ల 2020లో చాలా కాలేజీలు స్కోరును ఐచ్ఛికం చేశాయి. ఆ తర్వాత 2022లో ఎంఐటీ, 2024లో డార్ట్‌మత్, బ్రౌన్, హార్వర్డ్, కాల్‌టెక్ దాన్ని మళ్లీ తప్పనిసరి చేస్తున్నట్టు ప్రకటించాయి. కాలిఫోర్నియా యూనివర్సిటీ క్యాంపస్‌లు మాత్రం స్కోరు పంపినా ప్రవేశానికి లెక్కలోకి తీసుకోవు. ఈ విధానాలు తరచూ మారుతున్నాయి కనుక పాత జాబితాలను నమ్మకుండా, ఆ ఏడాది కాలేజీ పెట్టిన ప్రకటననే చూడాలి.

స్కోరు ఐచ్ఛికమైన చోటే అసలు చిక్కు. అక్కడ ఆ కాలేజీ తన ప్రవేశాల వివరాలతో విడుదల చేసే ‘కామన్ డేటా సెట్’ అనే పత్రం తెరిచి, సీ9 అనే భాగాన్ని నిదానంగా చదవాలి. చేరినవాళ్లలో ఎంత శాతం మంది స్కోరు పంపారో, వాళ్ల స్కోర్లలో 25వ, 75వ పర్సెంటైల్ (అంటే నూటికి 25 మంది, 75 మంది ఏ స్కోరుకు లోపు ఉన్నారో ఆ అంకెలు) ఎక్కడున్నాయో అందులో ఉంటుంది. మీ స్కోరు 1450 అనుకుందాం. పత్రంలో 25వ పర్సెంటైల్ 1480, 75వది 1560 అని ఉన్నాయి, స్కోరు పంపినవాళ్లు 55 శాతం. చూడగానే మన స్కోరు తక్కువనిపిస్తుంది. కానీ వందమంది చేరారనుకుంటే 45 మంది అసలు పంపనే లేదు, పంపిన 55 మందిలో నాలుగో వంతు, అంటే సుమారు 14 మంది, 1480కి లోపే ఉన్నారు. పంపనివాళ్లకూ అంతకన్నా తక్కువే వచ్చి ఉంటుందనుకుంటే, ఆ తరగతిలో 59 మంది దాకా 1480కి కిందే ఉన్నట్టు. మొత్తం అంకెతోనే ఆగిపోకూడదు. ఆ 1450లో లెక్కలకు 770, చదవడం రాయడంలో 680 వచ్చి, దరఖాస్తు ఇంజినీరింగ్‌కైతే, నేనైతే పంపమనే చెబుతాను.

పంపాలా వద్దా అన్నది విద్యార్థి చదివిన స్కూలును బట్టి కూడా ఉంటుంది. స్కోరును ఐచ్ఛికంగా ఉంచిన రోజుల్లో, తక్కువ ఆదాయ కుటుంబాల పిల్లలు కొందరు తమకు మేలు చేసి ఉండే స్కోర్లను కూడా దాచుకున్నారని 2024లో డార్ట్‌మత్ అధ్యాపకులు తేల్చారు. ఆ కాలేజీ నిర్ణయం మార్చుకోవడానికి అదొక ముఖ్య కారణం. అందువల్ల మీ స్కూల్లో మామూలుగా వచ్చే స్కోరుకన్నా మీది బాగా ఎక్కువైతే, కాలేజీ ఇచ్చిన అంకెలకు కొంచెం కిందున్నా పంపడమే మంచిది.

మళ్లీ రాయాలా అన్నది తర్వాతి సంగతి. అదే విద్యార్థి అదే తయారీతో మరో రోజు రాసినా, ఒక్కో విభాగంలో 30, 40 పాయింట్లు అటూ ఇటూ కావడం మామూలే. చాలా కాలేజీలు వేర్వేరు తేదీల్లో వచ్చిన మెరుగైన విభాగాల స్కోర్లను కలిపి చూస్తాయి కాబట్టి రెండోసారి రాయడంలో అర్థముంది. మూడోసారికి వెచ్చించే వారాంతాలను తరగతి చదువుకు పెట్టడం మేలని నా అభిప్రాయం. స్కూల్లో తీసుకున్న కోర్సులు, వాటిలో వచ్చిన గ్రేడ్లకు చాలా కాలేజీలు స్కోరుకన్నా ఎక్కువ బరువిస్తాయి, ఆ సంగతి అదే పత్రంలో సీ7 భాగంలో కనిపిస్తుంది. జార్జ్‌టౌన్ లాంటి చోట్ల రాసిన పరీక్షల స్కోర్లన్నీ పంపమంటారు, అదీ గుర్తుంచుకోవాలి.

చివరగా, చాలా కాలేజీలకు ఒకే చోట దరఖాస్తు నింపే ‘కామన్ అప్లికేషన్’లో స్కోరు రాసే చోటు అన్ని కాలేజీలకూ ఒక్కటే. ఒక కాలేజీకి పంపి మరో కాలేజీకి దాచదలచినవాళ్లు, రెండోదానికి దరఖాస్తు సమర్పించే ముందు ఆ అంకెలను తీసేయాలి. అవి అక్కడే ఉండిపోతే వద్దనుకున్న స్కోరు కూడా దరఖాస్తుతో పాటే వెళ్లిపోవచ్చు.